టెక్సాస్: ఇల్లు కొన్నది 6,45,000కి, ట్యాక్స్ నోటీసులో 6,92,000. ప్రొటెస్ట్‌లో ఏం చూపించాలి?

కొత్తగుమ్మం

డాలస్‌కి ఉత్తరాన ఉన్న శివారులో రెండంతస్తుల ఇల్లు. 2016లో కట్టింది. 2025 అక్టోబరులో 6,45,000 డాలర్లకి కొన్నాం, రిజిస్ట్రేషన్ మా ఇద్దరి పేరునా ఉంది. 2026 అప్రైజల్ నోటీసు (పన్ను కోసం ఇంటికి విలువ కట్టి పంపే కాగితం) వచ్చింది, ఏప్రిల్ 15 తేదీతో. మార్కెట్ విలువ 6,92,000 అని వేశారు. పాత బిల్లు ప్రకారం అన్ని రేట్లూ కలిపి నూటికి సుమారు 1.9.

నోటీసు పక్కన పెట్టుకుని అప్రైజల్ డిస్ట్రిక్ట్ (కౌంటీలో ఆ విలువ కట్టే సంస్థ) సైట్లో మా ఇంటి రికార్డు తెరిస్తే వైశాల్యం 3,120 చదరపు అడుగులని ఉంది. బిల్డర్ ప్లాన్‌లో 2,896. ఈ తేడా మాట రాసి ఆన్‌లైన్‌లో ప్రొటెస్ట్ (ఆ విలువ మీద అభ్యంతరం) ఫైల్ చేశాను. నాలుగు రోజుల్లోనే 6,75,000కి ఒప్పుకుంటారా అని పోర్టల్‌లో ఆఫర్ పెట్టారు. ఒప్పుకోవడానికి కొద్దిరోజులే గడువుంది.

అడగాల్సినవి ఇవి. ఆఫర్ తీసుకోవాలా? వద్దని హియరింగ్‌కి వెళ్తే విలువ ఇంకా పెంచేస్తారా? వెనకవైపు ఇటుక గోడకి మెట్లు మెట్లుగా పగులుంది, అది ఎక్కడైనా లెక్కలోకి వస్తుందా? మొదటి ఏడాదే గొడవెందుకు, వచ్చే ఏడాది నుంచి హోమ్‌స్టెడ్ క్యాప్ (సొంతంగా ఉంటున్న ఇంటికి విలువ పెరుగుదల మీద పరిమితి) ఉంటుంది కదా అని కొందరంటున్నారు. అదీ చెప్పండి.

లోన్‌స్టార్_తెలుగు

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది అక్కడే. క్యాప్ ఉంటుందని మొదటి ఏడాది ప్రొటెస్ట్ మానేయడం పొరపాటండీ. క్యాప్ అంటే నిరుటి అప్రైజ్డ్ విలువ (పన్నుకి లెక్కగట్టే విలువ) మీద ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదని. ఆ పది శాతం దేనిమీద కడతారు? మీరు ఇప్పుడు వదిలేసే అంకె మీదే. మీకు హోమ్‌స్టెడ్ అర్హత 2026 జనవరి 1 నుంచి లెక్కకొస్తుంది, క్యాప్ 2027లో మొదలవుతుంది. ఈ ఏడాది 6,92,000 దగ్గర వదిలేస్తే 2027లో 7,61,200 దాకా వెళ్లొచ్చు. 6,45,000కి దిగితే 7,09,500 దగ్గర ఆగాలి. అంతరం 51,700. క్యాప్ మొదలయ్యే ముందు ఏడాది అంకె మీద మిగతా ఏళ్లన్నీ నిలబడతాయి, అందుకే అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టాల్సిన ఏడాది ఇదే.

హోమ్‌స్టెడ్ అప్లికేషన్ పెట్టారా లేదా ముందు చూసుకోండి. ఫారం 50-114, ఏప్రిల్ 30 లోపు పెట్టాలి. తేదీ దాటినా వెనక్కి వర్తించేలా ఆలస్యంగా పెట్టుకునే వీలుంది గానీ, ఎందుకు తెచ్చుకోవడం. డ్రైవింగ్ లైసెన్సు మీద చిరునామా ఆ ఇంటిదే అయి ఉండాలి. లేకపోతే అప్లికేషన్ ఆగిపోవచ్చు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి రాదని మనవాళ్లలో ఒక మాట తిరుగుతుంటుంది, అది నిజం కాదు. పౌరసత్వంతో పనిలేదు, అది మీ నివాసమై ఉంటే చాలు. 2025 నవంబరు ఓటింగ్ తర్వాత స్కూల్ పన్నుకి ఎగ్జెంప్షన్ (పన్ను వేయకుండా వదిలే విలువ) 1,40,000 డాలర్లయింది. పెట్టడానికి రుసుమేమీ లేదు. డబ్బు కడితే మేం ఫైల్ చేస్తామంటూ వచ్చే ఉత్తరాలు చింపి అవతల పారేయండి.

గడువు: మే 15, లేదా నోటీసు పంపిన 30వ రోజు, రెండింటిలో ఏది వెనకైతే అది. మీరు ఫైల్ చేసేశారు కాబట్టి అది తీరింది. కానీ ఏ కారణాలు టిక్ చేశారో వెనక్కెళ్లి చూడండి. రెండు ఉండాలి. ఒకటి, మార్కెట్ విలువ ఎక్కువగా వేశారు. రెండు, పోల్చదగ్గ ఇతర ఇళ్లకన్నా అసమానంగా వేశారు. ఇవి చట్టంలో వేరువేరు కారణాలు. మొదటిది మాత్రమే టిక్ చేస్తే, హియరింగ్‌లో పక్కింటి విలువలు తీయగానే అది మీ ప్రొటెస్ట్‌లో లేదంటారు. లేకపోతే గడువులోగా ఇప్పుడే రాతపూర్వకంగా చేర్పించండి.

విలువ పెంచేస్తారన్న భయం వద్దు. మీరే అడిగి ఒప్పుకుంటే తప్ప, ప్రొటెస్ట్‌లో రివ్యూ బోర్డు (ప్రొటెస్ట్‌లు విని తేల్చే బోర్డు) నోటీసు అంకె కన్నా పైకి తీసుకెళ్లడానికి 2019 సవరణల తర్వాత వీల్లేదు. అడిగితే తగ్గొచ్చు, లేదంటే అక్కడే ఉంటుంది.

ఇక ఆఫర్. పోర్టల్‌లో ఒప్పుకున్నట్టు నొక్కారంటే ఈ ఏడాదికి కథ అయిపోయినట్టే. తర్వాత బోర్డుకీ వెళ్లలేరు, ఆర్బిట్రేషన్‌కీ (బయటి మధ్యవర్తి తీర్పుకీ) వెళ్లలేరు. కాదంటే ఆ ఆఫర్ పోవచ్చు. అయినా మీ చేతిలో అక్టోబరు నాటి కొనుగోలు ధర ఉంది. విలువ కట్టే తేదీ 2026 జనవరి 1, మీ ధర దానికి మూడు నెలల లోపుది. ఇంతకంటే బలమైన ఆధారం ఇంటి యజమానికి దొరకడం అరుదు. టెక్సాస్‌లో అమ్మకం ధరలు ప్రభుత్వానికి చెప్పాలన్న నియమం లేదు కాబట్టి మీరెంతకి కొన్నారో వాళ్లకి తెలియకపోయి ఉండొచ్చు. క్లోజింగ్ డిస్‌క్లోజర్ (ఇల్లు కొన్నప్పుడు ఇచ్చే లెక్కల పత్రం) మొత్తం స్కాన్ చేయండి, లోన్ నంబరు కొట్టేయండి. అమ్మినవాళ్లు క్రెడిట్ ఏమైనా ఇచ్చి ఉంటే అది మూడో పేజీలో ఉంటుంది, దాన్ని కూడా చూపించండి. అసలు ధర అంతమేరకు తక్కువన్నమాట.

ఇది చదివే ఇంకొకరు నోటీసు కంటే ఎక్కువ ధరకి కొని ఉంటే వాళ్ల దారి వేరు. వాళ్లు కొనుగోలు కాగితం ముందుకు తేకుండా అసమానత మీదే నడిపించాలి. హియరింగ్‌లో ప్రమాణం చేయిస్తారు కాబట్టి, ఎంతకి కొన్నారని అడిగితే మాత్రం అబద్ధం చెప్పకూడదు.

ఇవాళే ఇంకో పని చేయండి. ట్యాక్స్ కోడ్ 41.461 కింద, హియరింగ్‌లో డిస్ట్రిక్ట్ వాడబోయే డేటా, షెడ్యూళ్లు (విలువ కట్టే రేట్ల పట్టికలు), కాంప్స్ (పోల్చే ఇళ్లు) అన్నీ కావాలని రాతపూర్వకంగా అడగండి. పోర్టల్‌లో దానికి బాక్స్ ఉంటే టిక్ చేసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మీరు అడిగిన తర్వాత హియరింగ్‌కి కనీసం 14 రోజుల ముందు ఇవ్వకపోతే దాన్ని వాళ్లు సాక్ష్యంగా వాడుకోకూడదు. అడగకపోతే ఈ రక్షణ లేదు.

టేపుకొలత

3,120 నుంచి 2,896 తీస్తే 224. అది 14 x 16. రెండంతస్తుల ఇంట్లో ఈ సైజు తేడా కనబడితే నేను మొదట అనుమానించేది ఫ్యామిలీ రూమ్ పైన ఉండే ఖాళీని. కింద సోఫా వేసుకునే గది, పైన కప్పు దాకా తెరిచి ఉంటుంది, పై అంతస్తు రెయిలింగ్ దగ్గర నిలబడితే కింద నేల కనబడుతుంది. అక్కడ పై అంతస్తుకి నేలే లేదు. డిస్ట్రిక్ట్ వాళ్లు ఇంటిని బయటనుంచి కొలుస్తారు. బయట గోడ కిందనుంచి పైదాకా ఒకే వరుసలో లేచి ఉంటుంది కాబట్టి పై అంతస్తు స్కెచ్ కూడా కింది దానిలాగే నిండుగా గీసేస్తారు. లోపల చూడకుండా ఆ ఖాళీ వాళ్లకి తెలిసే దారి లేదు.

రికార్డు పేజీలో స్కెచ్ ఉంటుంది, తీసి చూడండి. పై అంతస్తు బొమ్మలో ఫ్యామిలీ రూమ్ మీద గంటు పెట్టినట్టు ఖాళీ వదిలారా, లేక మొత్తం దీర్ఘచతురస్రంగా గీశారా? నిండుగా ఉంటే తప్పు దొరికినట్టే. కొలతల ప్రమాణం ప్రకారం మెట్లున్న చోటు లెక్కలోకి వస్తుంది, కిందికి తెరిచి ఉన్న ఖాళీ రాదు. అందుకని మెట్ల వైశాల్యం కూడా తీసేయమని అడగొద్దు, అడిగితే మీ మిగతా లెక్క మీద కూడా వాళ్లకి నమ్మకం పోతుంది.

ఆధారాలు మూడు. ఇల్లు కొన్నప్పుడు లోన్ కోసం బ్యాంకు చేయించిన అప్రైజల్ రిపోర్టు మీకు ఈమెయిల్‌లో వచ్చి ఉంటుంది, దాన్లో కొలతలతో స్కెచ్ పేజీ ఉంటుంది. బయటి మనిషి లోపలికొచ్చి కొలిచింది కాబట్టి దానికి బరువెక్కువ. రెండోది బిల్డర్ ప్లాన్. మూడోది ఫొటోలు: పైన రెయిలింగ్ దగ్గర నిలబడి కింద నేల కనబడేలా ఒకటి, రెయిలింగ్ పొడవునా టేపు పరిచి 14 అడుగుల గీత చదవగలిగేలా దగ్గరనుంచి ఒకటి, రెండోవైపు 16 అడుగులకి మరొకటి.

ఇంకొక్క మాట. 30, 40 చదరపు అడుగుల తేడా మీద పోట్లాడొద్దు. బయటి గోడ అంచునుంచి కొలవడానికీ ప్లాన్ మీది కొలతకీ ఆ మాత్రం తేడా వస్తూనే ఉంటుంది. 224 అలాంటిది కాదు. స్కెచ్ సరిచేయించడం అన్నిటికన్నా ముందు, ఎందుకంటే విలువ ఈ ఏడాదికే, స్కెచ్ తప్పు మాత్రం సరిచేసేదాకా ప్రతి ఏడాదీ మళ్లీ మళ్లీ పన్ను వేయిస్తుంది.

కొత్తగుమ్మం

మీరిద్దరూ చెప్పినట్టే చేశాను. స్కెచ్‌లో పై అంతస్తు నిండుగానే ఉంది. అసమానత కారణం కూడా చేర్పించాను, ఆఫర్ ఒప్పుకోలేదు. ఇప్పుడు వాళ్ల ఎవిడెన్స్ ప్యాకెట్ పోర్టల్‌లో పెట్టారు. ఒక గ్రిడ్ (ఇళ్లని పక్కపక్కన పెట్టి పోల్చే పట్టిక) ఉంది, సైజు తేడాకి చదరపు అడుగుకి 75 డాలర్ల చొప్పున కలిపారు, తీశారు. పూల్‌కి 35,000. మా ఇంటికి 3,120 అనే వాడారు.

మా వీధీ పక్క వీధీ కలిపి అదే బిల్డర్ కట్టిన ఐదు ఇళ్లు తీశాను, వాటి రికార్డు ఇది:

3,050 చ.అ., 6,58,000
2,940 చ.అ., 6,31,000
2,810 చ.అ., 6,33,000
3,120 చ.అ., పూల్ ఉంది, 7,04,000
2,896 చ.అ., మా ప్లానే, 6,49,000

ఇవి నేరుగా సగటు తీసి చూపిస్తే సరిపోతుందా?

గోదారిగట్టు

సగటు కాదండీ, మధ్యాంకం (వరసపెడితే సరిగ్గా మధ్యలో వచ్చే అంకె). చట్టంలో మాట స్పష్టంగా ఉంది: తగినన్ని పోల్చదగ్గ ఆస్తులు తీసుకుని, తేడాలకి తగ్గట్టు సర్దుబాటు చేసి, వాటి మధ్యాంకంతో మీ విలువని పోల్చాలి. మీ విలువ ఆ మధ్యాంకం కన్నా ఎక్కువ కాదని చూపించాల్సిన భారం డిస్ట్రిక్ట్‌దే. చూపించలేకపోతే బోర్డు మీకు అనుకూలంగా తేల్చాలి.

లెక్కకి ముందు ఆఫర్ సంగతి చూడండి. 224ని 75తో గుణిస్తే 16,800. నోటీసు 6,92,000లోంచి అది తీస్తే 6,75,200. మీకొచ్చిన ఆఫర్ 6,75,000. అంటే వాళ్లు ఇవ్వజూపింది కేవలం వాళ్ల సొంత స్కెచ్ తప్పు సరిదిద్దడమే. మీ కొనుగోలు ధరా పొరుగు ఇళ్ల విలువలూ అందులో ఒక్క డాలరుకి కూడా లెక్కకి రాలేదు. ఒప్పుకోకపోవడం మంచిదైంది. 1.9 రేటుకి ఆ ఆఫర్‌తో మీకు మిగిలేది 323 డాలర్లు, 6,45,000కి దిగితే 893.

ఇప్పుడు గ్రిడ్. ఒక్క నియమం గుర్తుంచుకోండి: సర్దుబాటు ఎప్పుడూ అవతలి ఇంటికి చేస్తాం, దాన్ని మన ఇంటిలా మార్చడానికి. అవతలి ఇంట్లో పూల్ ఉండి మనకి లేకపోతే వాళ్ల విలువలోంచి తీస్తాం. వాళ్ల ఇల్లు మనకన్నా చిన్నదైతే వాళ్ల విలువకి కలుపుతాం. ఇది తిరగేసి రాసుకొచ్చిన గ్రిడ్‌లు చాలా ఉంటాయి, అక్కడితో ఆ సాక్ష్యానికి విలువ పోతుంది. సర్దుబాటు రేట్లు కూడా సొంతంగా కల్పించుకోవద్దు. వాళ్ల ప్యాకెట్లో ఉన్న 75, 35,000 అవే వాడండి. మీ రేటు తప్పని వాదించే అవకాశం వాళ్లకి ఉండదు.

మీ ఇంటికి సరైన వైశాల్యం 2,896 పెట్టుకుని చేస్తే:

3,050 ఇల్లు మనకన్నా 154 పెద్దది. 154 x 75 = 11,550 తీయాలి. 6,46,450.
2,940 ఇల్లు 44 పెద్దది. 3,300 తీస్తే 6,27,700.
2,810 ఇల్లు 86 చిన్నది. 6,450 కలిపితే 6,39,450.
3,120 పూల్ ఇల్లు 224 పెద్దది. 16,800, పూల్ 35,000 తీస్తే 6,52,200.
2,896 ఇల్లు ఉన్నదున్నట్టే, 6,49,000.

చిన్నదాన్నుంచి పెద్దదానికి వరసపెడితే మూడోది 6,46,450. అదీ మీ మధ్యాంకం. మీరు కొన్న 6,45,000కీ దీనికీ దాదాపు తేడా లేదు. రెండు వేరువేరు దారుల్లో వెళ్లి ఒకే చోటికి చేరాయంటే ప్యానెల్‌కి (మీ కేసు వినే బోర్డు సభ్యులకి) అది బాగా పడుతుంది. ఈ మాట మొదటి పేజీలోనే రాయండి.

ఐదు ఇళ్లలో ఆ 3,120 ఇల్లు మాత్రం ఇంకోసారి చూసుకోండి. రికార్డులో మీ ఇంటి అంకే ఉంది కాబట్టి అది కూడా మీ ప్లానే అయి, అదే స్కెచ్ తప్పు దానికీ ఉండొచ్చు. అలాగైతే సైజు సర్దుబాటు తీసేయాలి, దాని విలువ 6,69,000 అవుతుంది. అప్పుడు కూడా వరసలో అది చివరే, మధ్యాంకం మారదు. ఎదుటివాళ్లు అడగకముందే ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది. ఆ 6,31,000, 6,33,000 మార్కెట్ విలువలేనా? రికార్డు పేజీలో రెండు వరసలుంటాయి, మార్కెట్ విలువ, క్యాప్ తర్వాత మిగిలిన అప్రైజ్డ్ విలువ. పదేళ్లుగా ఉంటున్న పొరుగువాళ్ల అప్రైజ్డ్ విలువ క్యాప్ వల్ల చాలా తక్కువగా కనబడుతుంది. దాన్ని మీ మార్కెట్ విలువతో పోలిస్తే చెల్లదు, హోమ్‌స్టెడ్‌లని మార్కెట్ విలువతోనే పోల్చాలని చట్టమే చెబుతోంది. ఐదింటికీ ఆ వరస సరిచూసి, ప్రతి ఇంటి రికార్డు పేజీ ప్రింట్ వెనక జతచేయండి. కట్టిన సంవత్సరం, క్వాలిటీ క్లాస్ కోడ్ (కట్టడం నాణ్యతకి డిస్ట్రిక్ట్ ఇచ్చే శ్రేణి) కూడా దగ్గరగా ఉండాలి. క్లాస్ వేరైన ఇల్లు ఒక్కటున్నా వాళ్లు వేలు పెట్టేది దానిమీదే. మీకు అనుకూలమైనవే ఏరుకున్నారన్న మాట రాకుండా, ఆ రెండు వీధుల్లో అదే క్లాస్ ఇళ్లన్నీ తీసుకున్నానని చెప్పగలిగితే ఇంకా మంచిది.

పునాదిరాయి

పగులు గురించి. డాలస్ చుట్టుపక్కల చాలాచోట్ల నేల మన నల్లరేగడి లాంటిదే. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, దానిమీద పరిచిన కాంక్రీటు పలక ఒకవైపు కుంగుతుంది. ఇటుకల మధ్య సున్నం గీత వెంబడి మెట్లు మెట్లుగా ఎక్కే పగులు దానికి మామూలు గుర్తు. కానీ ప్రతి పగులూ పునాది పగులు కాదు, డిస్ట్రిక్ట్ వాళ్లకి అది తెలుసు. ఫొటో ఒక్కటే చూపిస్తే చూసి పక్కన పెడతారు.

పనికొచ్చే కాగితం స్ట్రక్చరల్ ఇంజనీరు రిపోర్టు. ఇంట్లో పది, పదిహేను చోట్ల నేల ఎత్తు కొలిచి, ఎక్కడ ఎన్ని అంగుళాలు దిగిందో మ్యాపులా గీసి ఇస్తారు. దాంతోపాటు రిపేరు కంపెనీ ఇచ్చే కొటేషన్, మీ చిరునామా, తేదీ, ఎన్ని పియర్లు (పునాది కింద ఊత స్తంభాలు) వేయాలి, ఎంతవుతుందన్నది రాసి ఉండాలి. వీలైతే రెండు కంపెనీలవి. ఫొటో తీసేటప్పుడు పగులు పక్కన స్కేలు ఆనించి పెట్టండి, మిల్లీమీటర్లు చదవగలగాలి. ఒక ఫొటో దగ్గరనుంచి, అదే పగులు గోడలో ఎక్కడుందో తెలిసేలా దూరంనుంచి ఇంకొకటి.

తేదీ కీలకం. విలువ జనవరి 1 నాటి స్థితికి. పగులు ఏప్రిల్లో వచ్చిందనుకుంటే ఈ ఏడాదికి పనికిరాదు. కొనేముందు చేయించిన ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ఆ పగులు మాట ఉందేమో వెతకండి. ఉంటే అది అక్టోబరుకే ఉన్నట్టు రుజువు.

ఇక్కడ చాలామంది ఆలోచించని చిక్కు ఉంది. పగులు చూసే మీరు 6,45,000కి బేరమాడి ఉంటే, ఆ ధరలో పగులు ఖర్చు అప్పటికే తగ్గిపోయింది. 6,45,000లోంచి మళ్లీ రిపేరు ఖర్చు తీసేయమంటే ఒకే ఖర్చుని రెండుసార్లు తీయమన్నట్టు. ప్యానెల్‌లో ఎవరో ఒకరు పట్టుకుంటారు. కాబట్టి మార్కెట్ విలువ వాదనలో రిపేరు ఖర్చు కలపొద్దు. అసమానత వాదనలో వాడండి. ఆ ఐదు ఇళ్ల రికార్డుల్లో కండిషన్ మామూలుగా ఉందని రాసుంటుంది, మీ ఇంటికి పునాది సమస్య ఉంది, ఆ తేడాకి ఇంకో సర్దుబాటు కావాలని అడగొచ్చు. మొత్తం కొటేషన్ తీసేస్తారని అనుకోవద్దు. కొంత ఇస్తారు, కొన్నిసార్లు ఇవ్వరు. అందుకే 6,46,450 మీద మీ కేసు నిలబడాలి, పగులు దానిపైన అదనం.

కొత్తగుమ్మం

ఐదూ మార్కెట్ విలువలే, సరిచూశాను. పూల్ ఇల్లు మా ప్లానే, కాబట్టి దానికి 6,69,000 పెట్టాను. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో పగులు ఫొటో ఉంది. ఇంకో రెండు సందేహాలు. హియరింగ్ తేదీకి నేను విజయవాడలో ఉంటాను, మా వారు ఇక్కడే ఉంటారు. ఎవరు హాజరవ్వాలి? ఇంకా, ఆదాలో వాటా తీసుకునే ప్రొటెస్ట్ ఏజెంట్లకి ఇచ్చేస్తే మేలా?

లోన్‌స్టార్_తెలుగు

ఇల్లు మీ ఇద్దరి పేరునా ఉంది కాబట్టి మీ వారు ఒక్కరే వెళ్లొచ్చు, ఏ అధికారపత్రం అక్కర్లేదు. మీరే మాట్లాడాలనుకుంటే ఫోన్ మీదో వీడియోలోనో హాజరవుతానని హియరింగ్‌కి కనీసం 10 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. అప్పుడు మీ సాక్ష్యాలు అఫిడవిట్‌తో హియరింగ్ మొదలవకముందే బోర్డుకి చేరి ఉండాలి. ఫారం 50-283 వాడండి, ప్రయాణానికి ముందే పూర్తిచేసి పంపేయండి. ఇక్కడ పొద్దున 10 అంటే అక్కడ రాత్రి 8:30. తేదీ అసలే కుదరకపోతే, ఏజెంటుని పెట్టుకోని యజమానికి కారణం చెప్పకుండా ఒకసారి వాయిదా కోరే హక్కుంది, హియరింగ్ తేదీకి ముందే కోరాలి. చెప్పాపెట్టకుండా మానేస్తే మాత్రం ప్రొటెస్ట్ కొట్టేస్తారు. తగిన కారణం చూపిస్తూ నాలుగు రోజుల్లో రాసిస్తేనే మళ్లీ తెరిచే వీలుంటుంది.

మీ వారికి చెప్పండి: మొత్తం కలిపి పదిహేను నిమిషాల పని అనుకుని సిద్ధం కావాలి. ప్రమాణం చేయిస్తారు. ముందు మాట్లాడతారా తర్వాతా అన్నది ఎంచుకునే హక్కు యజమానిది. మీ కేసులో ముందు మాట్లాడటం నయం, అంకెలు తేలికగా ఉన్నాయి. పోర్టల్‌లో పీడీఎఫ్ పెట్టినా ఐదు ప్రింట్లు పట్టుకెళ్లండి, ముగ్గురు సభ్యులకి, డిస్ట్రిక్ట్ వాళ్లకి ఒకటి, మీకొకటి. మొదటి పేజీలో నాలుగు అంకెలే: నోటీసు 6,92,000, సరైన వైశాల్యం 2,896, కొనుగోలు ధర 6,45,000, సర్దుబాటు మధ్యాంకం 6,46,450. కోరుతున్న విలువ 6,45,000 అని కింద.

పన్ను ఎక్కువైందనీ, నిరుటి కన్నా ఇంత శాతం పెరిగిందనీ అక్కడ మాట్లాడొద్దు. రేట్లు నిర్ణయించేది సిటీ, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్. బోర్డు చేతిలో ఉన్నది విలువ ఒక్కటే. అక్టోబరు తర్వాత మార్కెట్ పెరిగిందని డిస్ట్రిక్ట్ అప్రైజర్ అనొచ్చు. అందుకు జవాబుగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మీ సబ్‌డివిజన్లో అమ్ముడైన ఇళ్ల వివరాలు మీ రియల్టర్‌ని అడిగి దగ్గర పెట్టుకోండి.

హియరింగ్‌కి ముందు అప్రైజర్‌తో మామూలుగా మాట్లాడే సమావేశం ఇస్తే తప్పకుండా వెళ్లండి. ఇలాంటి కాగితాలుంటే చాలా కేసులు అక్కడే తేలతాయి. 6,50,000 లోపు ఇస్తే ఒప్పుకోవడంలో నష్టం లేదు. ఆ 5,000కి మీకొచ్చే తేడా 95 డాలర్లు. స్కెచ్ దిద్దామని రికార్డులో కనబడేలా చేయమని మాత్రం ఆ టేబుల్ దగ్గరే అడగండి. విలువ తగ్గించి స్కెచ్ అలాగే వదిలేస్తే వచ్చే ఏప్రిల్లో మళ్లీ 3,120తోనే మొదలవుతుంది.

ఏజెంట్ల విషయం: మీ కేసుకి అక్కర్లేదని నా అభిప్రాయం. కష్టమైన పని మీరే చేసేశారు. పైగా మీ ఇంట్లో రెయిలింగ్ దగ్గర నిలబడి టేపు పెట్టేది వాళ్లు కాదు. ఎవరికైనా ఇస్తే ఒప్పందంలో రెండు చూడాలి. ఆదాని దేనిమీద లెక్కగడతారు? క్యాప్ ఉన్న ఇంటికి మార్కెట్ విలువ 7,60,000 నుంచి 7,30,000కి దించినా, అప్రైజ్డ్ విలువ 6,90,000 దగ్గరుంటే ఆ ఏడాది పన్ను పైసా తగ్గదు. అలాంటి తగ్గింపుకి కూడా బిల్లు వేసే ఒప్పందాలుంటాయి. రెండోది, ఫారం 50-162 (ఏజెంటుని నియమించే ఫారం) మీద సంతకం పెట్టాక రద్దు చేసేదాకా ఏటా వాళ్లే మీ ఏజెంటు. ఆ వాయిదా హక్కు కూడా ఏజెంటు పేరు నమోదైతే మీకుండదు.

గోదారిగట్టు

బోర్డు ఉత్తర్వు నచ్చకపోతే ఏముందో కూడా రాస్తున్నా. ఉత్తర్వు అందిన 60 రోజుల్లో ఆర్బిట్రేషన్ కోరవచ్చు. హోమ్‌స్టెడ్ విలువ 5,00,000 దాటితే డిపాజిట్ 500 డాలర్లు, ఆ లోపైతే 450. ఆర్బిట్రేటర్ తేల్చిన అంకె బోర్డు అంకె కన్నా మీరడిగిన అంకెకి దగ్గరగా ఉంటే 50 డాలర్ల ఫీజు పోను డిపాజిట్ వెనక్కొస్తుంది. కాబట్టి అక్కడ అత్యాశకి పోయి మరీ తక్కువ అంకె రాయకూడదు, 6,45,000 లాంటి నిలబడే అంకె రాయాలి. కోర్టు దారి కూడా 60 రోజులే, ఇంటికి ఖర్చు గిట్టదు. ఏ దారిలో ఉన్నా జనవరి 31 లోపు వివాదం లేని మేరకు పన్ను కట్టేయాలి, లేకపోతే కేసే పోతుంది. లోన్ ఎస్క్రో (బ్యాంకే మీ తరఫున పన్ను కట్టే ఖాతా) ఉంటే కట్టారో లేదో డిసెంబరులో ఫోన్ చేసి కనుక్కోండి.

టేపుకొలత

మీ ప్లానే ఉన్న ఆ పూల్ ఇంటివాళ్లకి కూడా స్కెచ్ చూసుకోమని చెప్పండి. వాళ్ల నోటీసు తేదీ మీదే అయితే వాళ్లకీ మే 15 వరకే సమయం. ఆ తర్వాతైతే హోమ్‌స్టెడ్‌కి విలువ నాలుగో వంతు పైగా తప్పుంటేనే దిద్దుతారు, 224 చదరపు అడుగులు ఆ లెక్కకి అందదు.